ఆగని దాహం
(హవల్లీ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మా తాతగారి కాలంలోనే ఊరు విడిచిన కుటుంబం మాది. నాది సాయంత్రపు తరగతిలో నేర్చిన తెలుగు. తప్పులుంటే మన్నించండి.

తియ్యని నీటి వల్లనే ఈ హవల్లీకి ఆ పేరు వచ్చిందంటారు. నేను చెప్పబోయేదీ నీళ్ళ సంగతే.

కొన్నేళ్ళ క్రితం నా తరగతిలో ఒక కుర్రవాడు గంటకో సీసా నీళ్ళు తాగేవాడు. బయటికి వెళ్ళొస్తానని మాటిమాటికీ చెయ్యెత్తేవాడు. పాఠం తప్పించుకోవడానికే అనుకొని ఒకరోజు గట్టిగా కోప్పడ్డాను. 2016లో మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసిన దేశం ఇది. ఇక్కడ దాహం ఎవరికి వింత? వాళ్ళమ్మ వచ్చి, "మాస్టారూ, రాత్రి ఏ.సి. గదిలో కూడా నాలుగుసార్లు లేస్తున్నాడండీ" అన్నది. నాకు సిగ్గు వేసింది.

రక్తంలో చక్కెర మామూలుగానే ఉన్నది. డాక్టర్లు డయాబెటిస్ ఇన్సిపిడస్ అన్నారు. పేరులో డయాబెటిస్ ఉన్నా దీనికి చక్కెరతో సంబంధం లేదు. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. ఒంట్లో నీటిని నిలిపే వాసోప్రెసిన్ దాని వెనుక భాగం నుంచి రక్తంలోకి వస్తుంది. అది కరువైతే తాగిన నీరు నిలవదు.

ఎం.ఆర్.ఐ. తీశారు. అందులో ఎక్స్‌రేలుండవు. పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు; ముఖ్యంగా మన ఒంటి నీటిలోని హైడ్రోజన్ ఇచ్చే సంకేతాలతోనే బొమ్మ వస్తుంది. నీళ్ళ జబ్బును నీళ్ళే పట్టించాయన్నమాట! ఆరోగ్యవంతుల్లో చాలామందికి గ్రంథి వెనుక భాగం తెల్లని చుక్కలా మెరుస్తుంది. వీడికి ఆ చుక్క లేదు. గ్రంథి వేలాడే కాడ మామూలుగా 3 మిల్లీమీటర్లకు మించదు. వీడిది లావెక్కింది.

అయితే కాడ లావెక్కడానికి గడ్డలు కావచ్చు, క్షయ కావచ్చు. బొమ్మ చూసి పేరు పెట్టరాదు. అక్కడి నుంచి ముక్క తీయడమూ ప్రమాదమే. ఒళ్ళంతా వెదికితే పుర్రె ఎముకలో ఒక మచ్చ దొరికింది. దాని ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ అన్నారు. పాల్ లాంగర్‌హాన్స్ 1868లో, ఇంకా విద్యార్థిగా ఉండగా వర్ణించిన చర్మకణాలను పోలిన కణాలు ఈ వ్యాధిలో గుమిగూడుతాయి. చాలా అరుదైన జబ్బు.

దీనికి కొందరిలో వాడే మెథోట్రెక్సేట్ అనే మందు వెనుక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి ఉన్నదని తెలిసి పొంగిపోయాను.

పిల్లవాడు కోలుకున్నాడు. దాహానికి మాత్రం రోజూ మందు వేసుకోవాలి. ఆ లోపం తిరిగి సరికావడం అరుదట. అప్పుడప్పుడు ఎం.ఆర్.ఐ. తీసి కాడను కొలుస్తున్నారు. వాడి సీసా ఇప్పుడు బల్లమీదే ఉంటుంది. నేనేమీ అనను.

సెలవు.