రంగుచేపల దుకాణము: లాభము, నమ్మకము

ఒకప్పుడు నగరములకే పరిమితమైన రంగుచేపల వర్తకము ఇప్పుడు చిన్న ఊళ్ళకును వచ్చినది. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిమీద, నార్కట్‌పల్లికిని నకిరేకల్‌కును నడుమనున్న కట్టంగూరు వంటి మండల కేంద్రమున ఒక యువకుడు పది అద్దాల తొట్లతో ఇట్టి దుకాణము తెరచెననుకొందము. వచ్చిన గిరాకీని తృప్తిపరచుట ఎట్లు? తాను నాలుగు రూపాయలు మిగుల్చుకొనుట ఎట్లు? ఈ రెండును ఒకదానికొకటి విరోధములని చాలమంది తలంతురు. అది ఎంతవరకు నిజమో విచారించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

బట్ట అమ్మినవానికి సరకు ఇల్లు చేరుటతో బాధ్యత చాలవరకు తీరును. చేప ప్రాణమున్న సరకు. మన దేశమున ఈ వర్తకమునకు పేరుపొందిన కోల్‌కతా నుండియో, చెన్నైలోని కొళత్తూరు నుండియో ప్రాణవాయువు నింపిన సంచులలో అది ప్రయాణము చేసి వచ్చును. ఆ బడలికవలన కొన్ని దారిలోనే చచ్చును; మరికొన్ని చూపునకు బాగుగనే యుండి నాలుగైదు దినములలో చచ్చును. అసలు చిక్కు ఇక్కడనే కలదు.

ఒక చిన్న లెక్క వేసి చూతము. 20 రూపాయల చొప్పున 10 చేపలు తెచ్చినచో పెట్టుబడి 200 రూపాయలు. వచ్చిన సాయంత్రమే 40 రూపాయల చొప్పున పదింటిని అమ్మివేసినచో 400 వచ్చును, 200 మిగులును. అట్లుగాక వేరొక తొట్టిలో వారము పదిదినములు ఉంచి, రెండు చచ్చిన పిమ్మట మిగిలిన ఎనిమిదింటిని అదే వెలకు అమ్మినచో 320 వచ్చును, 120 మాత్రమే మిగులును. ఓపిక పట్టినందుకు 80 రూపాయలు నష్టము. ఆత్రపడి అమ్మినవానికి ఆ 80 ఎక్కడినుండి వచ్చినది? కొన్నవారి ఇంటిలో చచ్చిన రెండు చేపల వెల అది. నష్టము తప్పలేదు, ఒకరి గల్లానుండి మరొకరి ఇంటికి మారినది, అంతే.

అయినచో వర్తకుడు నష్టపడవలసినదేనా? అక్కరలేదు. నిలిపి చూచిన ఎనిమిది చేపలను 50 రూపాయల చొప్పున అమ్మినచో అతనికి మునుపటి 200 లాభమును దక్కును. కొన్నవారికిని బ్రదికిన చేప ఒక్కొక్కటి 50కే పడును. మొదటి బేరములోను 400 ఇచ్చి ఎనిమిదింటినే గదా వారు దక్కించుకొనినది! భేదమల్లా, ఈ 50లో పిల్లవాని కంటనీరు లేదు, దుకాణముమీద అపనమ్మకము లేదు. వెల హెచ్చుటకు కారణము విప్పి చెప్పగలవాడు వెల తగ్గించుకొనవలసిన పని లేదు.

ఇక నీటి మాట. నల్లగొండ ప్రాంతపు భూగర్భజలములోని ఫ్లోరైడు ఎందరి ఎముకలను వంచినదో లోకమెరుగును. ఇక్కడి బోరునీరు పలుచోట్ల కఠినము, క్షారగుణము కలది. మిషన్ భగీరథ నల్లానీటిలో క్రిములను చంపుటకు క్లోరిన్ కలుపుదురు. అది చేపల మొప్పలకును చేటు. కావున దుకాణదారు అడుగవలసిన మొదటి ప్రశ్న “ఏ చేప కావలెను?” అని కాదు, “మీ ఇంట బోరునీరా, నల్లానీరా?” అని. కఠినజలమున గప్పీ, మోలీ, ప్లాటీ హాయిగా బ్రదుకును. డిస్కస్ మెత్తని నీరు కోరును. దాని వెల హెచ్చు, లాభమును హెచ్చు. బోరునీటి ఇంటికి దానిని అమ్మనని చెప్పుటయే ఆనాటికి నష్టమైన మర్యాద.

మరియొక సంగతి. తొట్టిని, చేపలను ఒక్కనాడే కొనిపోవలెనని అందరికిని ఆత్రము. చేపల మలమునుండియు, తినక మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టును. క్షారజలమున, వేసవి వేడిమిలో దాని విషము మరింత తీవ్రము. దానిని హరించు సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో పెరుగుటకు సుమారు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. “నెల గడచిన పిదప రండు” అనినచో గిరాకీ నల్లగొండకో సూర్యాపేటకో పోవును. అందుచేత తొట్టి, గులకరాళ్ళు, గాలిపంపు ఆనాడే అమ్మవచ్చును. తన పాత తొట్టినుండి, రోగము లేనిదని చూచుకొని, గుప్పెడు గులకరాళ్ళు తడియారకుండ ఉచితముగ ఇచ్చి, రెండు మూడు మోలీలతో మొదలుపెట్టుమని, మేత మితముగ వేయుమని చెప్పవలెను. ఆ రాళ్ళను అంటియున్న సూక్ష్మజీవులు కొత్త తొట్టిని త్వరగ నిలబెట్టును. దుకాణదారుకు ఖర్చు లేదు. కొన్నవారికి ఇంతకు మించిన మేలు లేదు.

అయితే మర్యాదకును హద్దు కావలెను. దుకాణమున చెప్పు సలహాకు వెల కట్టరాదు. ఇంటికి పోయి తొట్టి కడిగినచో కూలి ముందే చెప్పి తీసికొనవలెను. చచ్చిన చేపకు బదులు అడిగినవారిని ఇంటి నీరు సీసాలో తెమ్మని, వారి ఎదుటనే పరీక్షింపవలెను. తప్పు తనదైనచో మారు మాటలేక బదులీయవలెను. నీటిదైనచో, నీరు కుదుటపడువరకు వెల ఇచ్చినను మరియొక చేప అమ్మరాదు.

కడపట, దుకాణమునకు ఎన్నడును రాని గిరాకీ ఒకరు కలరు. వారు చెరువుమీద బ్రదుకు బెస్తలు. తొట్టిలోని పాచి తినునని కొందరు సక్కర్ చేపను అడుగుదురు. అది అడుగునకు మించి పెరిగి, తొట్టి చాలక, ఒకనాడు చెరువు పాలగును. అక్కడ దాని ముండ్లరెక్కలు వలలను చింపును. చెరువులోని మన చేపలకు అది పోటీయగును. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ చేప తూర్పు కనుమల జలములలో పాకినట్లు హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కావున దీనిని అమ్మకుండుట మేలు. లోగడ అమ్మియున్నచో, పెంచలేనివారినుండి తిరిగి తీసికొనవలెను.

లాభము వలదని మేము చెప్పుట లేదు. లాభము లేని దుకాణము మూతపడును. దానితో సలహా చెప్పు దిక్కును పోవును. ఎదుటివారికి తెలియకుండ వారిమీదకు నెట్టిన నష్టమును లాభమని లెక్క వ్రాసుకొనవద్దనియే మా మనవి.