రొమ్ములో గడ్డ, పళ్లెంలో గుడ్డు

 ఈ రోజు డాక్టర్ పట్టాలు అందుకున్న పిల్లలూ, వినండి. 

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లు చేసే నన్ను ఈ అనంతపురం ఆడవాళ్లు ఎక్కువగా అడిగింది ఒకటే: "మేడమ్, గుడ్డు తినొచ్చా?" కొలెస్ట్రాల్ వల్లే గడ్డ వచ్చిందని ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. ఒంట్లో కొలెస్ట్రాల్ నుంచి తయారయ్యే 27-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ ఈస్ట్రోజెన్ పని తాను చేస్తూ, ఆ హార్మోన్ మీద బతికే కణితులను పెంచుతుందని 2013లో డ్యూక్ యూనివర్సిటీలో డొనాల్డ్ మెక్‌డొనెల్ బృందం ఎలుకల్లో చూపించింది. గొప్ప పరిశోధన, తప్పక చదవండి. కానీ గుడ్డు తింటే రొమ్ము క్యాన్సర్ వస్తుందని మనుషుల్లో తేలలేదు. మన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్లే తయారుచేసుకుంటుంది. ముట్లుడిగాక ఒంటి బరువు పెరిగితే ఆ ముప్పు పెరుగుతుందన్నది మాత్రం గట్టిగా తేలింది.

వాన మొహం చాటేసిన ఏడు సంగటి, ఊరిబిండితో పొద్దు గడిపి కూలికి పోయే మనిషికి బలమైన తిండి అంటే ఆ గుడ్డే. కీమోథెరపీ నడుస్తున్నప్పుడు మాంసకృత్తులు మరీ అవసరం. పత్యం పేరుతో దాన్నీ మాన్పించే డాక్టర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీలో ఎవరైనా అలా చీటీ రాశారని తెలిసిందా, వచ్చి చెవి మెలేస్తాను.

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకామె గడ్డ పుండయ్యాక వచ్చింది. గుడ్డు, మాంసం ఎప్పుడో మానేసింది. గడ్డను మాత్రం ఎవరికీ చూపలేదు. ఆస్పత్రికి పోలేదా అంటే, "పోతిని మేడమ్. అంతమంది మగోళ్ల ముందర రవిక ఎట్లిప్పేది?" అంది.

నా బెంగంతా అక్కడే. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలని 2016 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చేయడానికి చాటు ఏదమ్మా? మీరు చేరబోయే పీహెచ్‌సీలో తెర లేకపోతే మొదటి జీతం అందేలోపే కట్టించండి. పక్కన నర్సమ్మను నిలబెట్టుకోండి. బీపీ మాత్రలకు వచ్చిన ఆమెను కూడా అడిగి, ఒప్పించి, చేత్తో తడిమి చూడండి. గడ్డ తగిలితే ఆ రోజే పెద్దాసుపత్రికి రాసివ్వండి. ఏ గదికి పోవాలో, ఎవరిని తోడు తీసుకుపోవాలో కూర్చోబెట్టి చెప్పండి. వారం తర్వాత ఆశా కార్యకర్తను పంపి, ఆమె వెళ్లిందో లేదో కనుక్కోండి.