డయాలిసిస్ రోగికి జ్వరము వచ్చినపుడు

ఆరోగ్యవంతుని మూత్రపిండములు వారమునకు 168 గంటలు పని చేయును. అవి పూర్తిగా చెడినవారికి ఆ పని చేసిపెట్టు యంత్రము వారమునకు రెండు మారులో మూడు మారులో, మారునకు నాలుగేసి గంటలు మాత్రమే నడచును. అనగా 8 గంటలు, లేదా 12 గంటలు. తక్కిన కాలమంతయు రక్తములో నిలిచిపోయిన మలినములతోను, బయటికి దారి లేని నీటితోను ఆ మనిషి కాపురము చేయవలసినదే.

విజయవాడ ఆసుపత్రులలోని డయాలిసిస్ విభాగములకు ప్రొద్దుటే చేరువారిలో అవనిగడ్డ, గుడివాడల వైపునుండి తొలి బస్సు పట్టుకొని వచ్చువారు ఉందురు. తిరువూరు దారిని, ఎ.కొండూరు మండలపు తండాలనుండి వచ్చువారును ఉందురు. డెల్టావారిది కృష్ణ కాలువనీరు, తండాలవారు చిరకాలము త్రాగినది బోరునీరు. యంత్రము ప్రక్కన మంచమెక్కిన తరువాత ఇద్దరి కష్టమును ఒక్కటే.

ఇట్టివారికి వైరస్ జ్వరము తగిలినపుడు ఏమగును? అందరికిని ఒకే అపాయమా, కొందరికి ఎక్కువా? ఎక్కువయినచో ఎందువలన? నేటి ప్రసంగములో మేము విన్నవింపదలచినది ఈ సంగతియే.

2020వ సంవత్సరపు కోవిడ్ ఈ ప్రశ్నకు చాల కఠినముగా సమాధానము చెప్పినది. ఆ సంవత్సరము మొదటి మాసములలో ఐరోపా దేశములలో డయాలిసిస్ మీద ఉండి కోవిడ్ పాలయినవారిలో నూటికి 20 నుండి 25 మంది వరకు 28 దినములలోపల మరణించిరి. ఇంగ్లండులో ఒక కోటి డెబ్బది లక్షల మంది వైద్య పత్రములను తిరుగవేసి చూడగా, వయస్సును ఇతర జబ్బులను సరిచూచుకొన్న పిమ్మట కూడ, డయాలిసిస్ చేయించుకొనువారికి కోవిడ్ వలన మరణించు అపాయము మూడున్నర రెట్లకు పైగా ఉన్నట్లు తేలినది. ఆ తొలి రోజులలో పరీక్షలు జరిగినది ఎక్కువగా జబ్బు ముదిరినవారికే గనుక మొదటి లెక్కలో కొంత హెచ్చు ఉండవచ్చును.

ఈ అంకెలు విని బెదరవలదని మేము చెప్పము. బెదరవలసిన అంకెలే. అయినను నూటికి 75 మందియో, 80 మందియో బ్రతికి బయటపడిరి గదా! వారికిని పోయినవారికిని భేదమెక్కడ?

ఐరోపా వైద్యులు కొందరు 768 మంది డయాలిసిస్ రోగుల వివరములు చేర్చి ఈ భేదమును వెదకిరి. మధుమేహము ఉన్నదా, రక్తపోటు ఉన్నదా, గుండెజబ్బు ఉన్నదా అని మనము సామాన్యముగా అడుగుదుము. ఆ జబ్బుల పేర్లకన్న రెండు సంగతులు ఎక్కువ బలముగా నిలిచినవి. ఒకటి వయస్సు. రెండవది నిస్త్రాణ. మంచము దిగి తనంతట తాను స్నానము చేయగలడా, వీధి చివరి వరకు నడువగలడా, ఆరు నెలలుగా కండ కరగి బట్టలు వదులగుచున్నవా అనునవి ఈ రెండవ దానికి గురుతులు. వయస్సు మన చేతిలోనిది కాదు. నిస్త్రాణ మాత్రము ఒక్కనాడు వచ్చునది కాదు, ఒక్కనాడు పోవునదియు కాదు. జ్వరము రాకమునుపే, నెలల తరబడి వంటింటిలో అది నిశ్చయమగుచుండును.

ఇక్కడ మన యిండ్లలో జరుగు పొరపాటు ఒకటి కలదు. మూత్రపిండములు చెడుట ఆరంభమయినపుడు వైద్యుడు పప్పు, గ్రుడ్డు, మాంసము తగ్గింపుమని చెప్పును. ఆ మాట అప్పటికి సరియైనదే. డయాలిసిస్ మొదలయిన తరువాత లెక్క తలక్రిందులగును. ప్రతి మారు యంత్రముతోబాటు మాంసకృత్తుల అంశము కొంత కొట్టుకొనిపోవును. అందుచేత 50 కిలోల బరువు గలవానికి దినమునకు 50 నుండి 60 గ్రాముల మాంసకృత్తులు కావలెను. ఒక కోడిగ్రుడ్డులో ఉండునది సుమారు 6 గ్రాములు. మన యిల్లాండ్రు భక్తితో పాత పథ్యమునే కొనసాగింతురు. చారునీళ్ల అన్నముతో రోగి నానాటికి చిక్కిపోవుచుండును. రక్తపరీక్ష కాగితములో ఆల్బుమిన్ అను మాట ఎదుట ఉన్న అంకె తగ్గుచున్నదేమో చూచుకొని, పథ్యమును గూర్చి డయాలిసిస్ వైద్యుని మరల అడుగవలెను. రెండేండ్ల క్రిందటి చీటీతో ఈనాడు వంట చేయరాదు.

మాంసకృత్తులు చాలకపోవుట ఒక యెత్తు, నీరు ఎక్కువగుట ఒక యెత్తు. మూత్రము పోవని మనిషి త్రాగిన నీరు రెండు డయాలిసిస్‌ల నడుమ ఒంటిలోనే ఉండును. కొంత కాళ్లకు దిగును, కొంత ఊపిరితిత్తులకు ఎక్కును. అప్పటికే చెమ్మగిల్లియున్న ఊపిరితిత్తులలోనికి వైరస్ చేరినచో శ్వాసకు మిగులు చోటెంత? సామాన్యముగా ఇట్టివారు దినమునకు త్రాగదగినది, మూత్రము పోయినంతకు మీద అర లీటరో ముప్పావు లీటరో మాత్రమే. ఇందులో కాఫీ, మజ్జిగ, చారు అన్నియు చేరును. ఉప్పు తిన్నవాడు నీళ్లు త్రాగునను సామెత వీరిపట్ల అక్షరాల నిజము. ఆవకాయ అన్నమునకు మూల్యము దాహము, దాహమునకు మూల్యము ఆయాసము.

కోవిడ్ రోజులలో శొంఠి, మిరియాలు, అల్లము వేసి కాచిన కషాయములు లోటాలకొలది త్రాగని యిల్లు లేదు. ఇతరులకు వానివలన మేలో కీడో కాని, డయాలిసిస్ రోగికి ఆ లోటాలు లెక్కకు మించిన నీరే. అంతకన్న భయంకరమైనది మన కోనసీమ, కృష్ణా తీరముల ఆచారము: జ్వరము తగిలినవానికి కొబ్బరిబొండము కొట్టి యిచ్చుట. కొబ్బరినీటిలోను బత్తాయి రసములోను పొటాసియము మెండు. దానిని బయటికి పంపు మూత్రపిండములు లేనపుడు అది రక్తములో పేరుకొని గుండె నడకను చెరచును, గుండెను ఆపివేయుటయు కలదు. చుట్టపుచూపునకు వచ్చినవారు బొండముల గెల తెచ్చినచో ఆదరముతో పుచ్చుకొని ఇంటిలోని తక్కినవారు త్రాగవలెను.

ఇక మానిన డయాలిసిస్ సంగతి. 2020 మార్చి 25వ తేదీన దేశమంతట రాకపోకలు నిలిచినపుడు, విజయవాడలోని ప్రభుత్వ సర్వజనాసుపత్రిని కోవిడ్ వైద్యమునకు కేటాయించినపుడు, దూరపు పల్లెలవారికి ఆసుపత్రికి దారి యెట్లను బెంగ పట్టుకొన్నది. దేశములోని 19 ఆసుపత్రులలో ఆ తొలి వారముల వివరములు సేకరింపగా, రోగులలో నూటికి 28 మంది ఒకటియో రెండో డయాలిసిస్‌లు పోగొట్టుకొన్నట్లు కనబడినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినపుడు కూడ ఇట్టివారికి ఇల్లు కదలుటయే గండమయ్యెనని వేరుగ చెప్పనక్కరలేదు. వైరస్ సోకినవాడు డయాలిసిస్ మానినచో రెండు మృత్యువులు ఒకేమారు తలుపు తట్టును. మొదట లోనికి వచ్చునది తరచు వైరస్ కాదు.

మానుటకు వరదయే రానక్కరలేదు. జ్వరమని చెప్పినచో లోనికి రానీయరేమో అను భయము చాలును. కొందరు పారాసిటమాల్ మాత్ర వేసుకొని, జ్వరము దాచి, పదిమంది నడుమ నాలుగు గంటలు పడుకొందురు. కొందరు, ‘‘ఈ పూటకు వద్దులెండి, నీరసముగా ఉన్నారు, ఎల్లుండి వెళ్లుదము’’ అను ఇల్లాలి మాటకు సరేనందురు. రెండును తప్పే. ముందుగా ఫోను చేసి చెప్పినచో, వేరు గదియో, చివరి వంతో ఏర్పాటు చేయుటకు వీలుండును. అట్లు చేయుట కేంద్రముల విధి అని కూడ మేము చెప్పక తప్పదు. నిజము చెప్పినవానిని త్రిప్పి పంపు కేంద్రము, జ్వరము దాచుటను తానే నేర్పుచున్నది.

జ్వరమును కనిపెట్టుట కూడ వీరి విషయములో అంత తేలిక కాదు. రక్తములోని మలినములు తెల్లకణముల చురుకుదనమును తగ్గించును. అందుచేత ఇతరులకు 102 డిగ్రీలు వచ్చు జబ్బులో వీరికి 99 మాత్రమే చూపవచ్చును. ఆయాసము వచ్చినపుడు నీరు పట్టినదనుకొని ఊరకుందురు. అది ఊపిరితిత్తుల వాపు కావచ్చును. అలవాటు లేని నిద్రమత్తు, అన్నము సహింపకపోవుట, డయాలిసిస్ నడుమ రక్తపోటు పడిపోవుట ఇవియు జ్వరమువలెనే చెప్పదగిన సంగతులు. మెడలో గొట్టము ఉన్నవారికి చలిజ్వరము వచ్చినచో అది వైరస్ జ్వరమని ఊహింపక, ఆ గొట్టము వెంట క్రిములు రక్తములోనికి పోయినవేమో ఆనాడే చూపింపవలెను. చేతిలో ఫిస్టులా ఉన్నవారికి ఈ బెడద తక్కువ.

ఇంటిలో ఉన్న మందుల డబ్బా జోలికి పోరాదు. ఒంటినొప్పులకు వాడు కొన్ని మాత్రలు, మిగిలియున్న కొద్దిపాటి మూత్రమును కూడ ఎండగట్టును. ఇన్‌ఫ్లూయెంజాకు ఇచ్చు ఒసెల్టమివిర్ వంటి మందు మూత్రము ద్వారా పోవలసినది గనుక, వీరికి దాని మోతాదు బాగుగ తగ్గించి యిత్తురు. పొరుగువాని చీటీ పనికిరాదు.

టీకాల సంగతి కొంత చిత్రముగా నుండును. తెల్లకణముల మాంద్యముచేత టీకా కూడ వీరికి ఇతరులకు పట్టినంత పట్టదు. ఆ కారణముననే కాలేయమును చెరచు హెపటైటిస్ బి టీకాను వీరికి రెట్టింపు మోతాదున, నాలుగు మారులు వేయుదురు. కోవిడ్ టీకా విషయములోను ఇట్లే, మొదటి రెండు మోతాదులకు మీద మరియొకటి అవసరమని వైద్యలోకము తెలిసికొన్నది. పట్టదు గనుక వేయించుకొననేల అని కొందరు వాదింతురు. పూర్తిగా పట్టకున్నను, టీకా వేయించుకొన్న డయాలిసిస్ రోగులలో మరణములు తగ్గినవి. ఏటేట వేయు ఇన్‌ఫ్లూయెంజా టీకా వీరికే కాక, ఇంటిలో వీరికి అన్నము పెట్టువారికిని వేయించుట మేలు.

డయాలిసిస్ చేయించుకొనువారు ఉన్న ప్రతి యింటిలోను ఒక కాగితము వ్రాసి యుంచుకొనుట మంచిది. నీరు తీసిన తరువాత ఉండవలసిన బరువు, డయాలిసిస్ జరుగు వారములు, కేంద్రపు ఫోను నంబరు, ఫిస్టులా ఏ చేతికున్నది, హెపటైటిస్ పరీక్షల ఫలితము, వేసిన టీకాల తేదీలు, వాడుచున్న మందులు అందులో ఉండవలెను. అర్ధరాత్రి అంబులెన్సులో తెలియని ఆసుపత్రికి పోవలసివచ్చినపుడు, అక్కడి వైద్యుడు మొదట అడుగునవి ఇవియే. రెండు ప్రతులు వ్రాసి, ఒకటి రోగి చొక్కా జేబులోను, ఒకటి ఇంటి తలుపు వెనుకను ఉంచవలెను.