పల్నాటి సంవత్సరపు లెక్క

ఏటేట ఒక సీమ ఆర్థికస్థితిని మనము మూడు విధముల కొలుచుచున్నాము: ఉత్పత్తి యెంత పెరిగినది, ధరలెంత పెరిగినవి, ఏ రంగము ముందు నడచినది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఈ మూడింటిని విడివిడిగా చదివినచో పొరబడుదుము.

2025 ఫిబ్రవరిలో దేశమున చిల్లర ధరలు ముందటి యేటికంటె నూటికి 3.61 వంతున మాత్రమే పెరిగినవి. కొనువారికది ఊరట. కాని ఆ నెలలోనే ఎండుమిరప ధర పడిపోగా, కేంద్రప్రభుత్వము ఆంధ్రప్రదేశ్ రైతులకై క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యధరను నిర్ణయింపవలసివచ్చినది. స్థిరధరలలో కట్టు అభివృద్ధి లెక్క పంట రాశిని చూచును గాని, ఆనాటి ధరను చూడదు. ధర తగ్గినంతమాత్రమున రైతు పెట్టిన పెట్టుబడి తగ్గదు గదా!

మాచర్ల సిమెంటు, పిడుగురాళ్ళ సున్నము వానకై ఎదురుచూడవు. పల్నాటి చేలు మాత్రము, 1967లో తొలిసారి నీరు విడిచిన నాగార్జునసాగరు కుడికాలువ వంకనే చూచుచుండును. రాతిపరిశ్రమ పెరిగి, పైరు తగ్గిన యేడును మొత్తము లెక్క బాగుగనే కనబడవచ్చును.

కావున అభివృద్ధి శాతము వినినప్పుడు, కాలువలో నీరెంత, కల్లములో ధరయెంత అని కూడ మనము అడుగవలెను.