తీరపు గుల్లలు – మితమైన సేకరణ

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



దిగపహండి నుండి చూస్తే సముద్రం కనిపించదు. అంతమాత్రాన ఈ ఊరికి సముద్రంతో సంబంధం లేదనుకోవడం పొరపాటు. ఘోడాహడ నీరు ఋషికుల్యలో కలిసి గంజాం సమీపాన బంగాళాఖాతాన్ని చేరుతుంది. తాంబూలంలోని గుల్లసున్నం కూడా కడలి ఇచ్చినదే. కావున తీరంలో గుల్లలు, ఎరపురుగులు ఏరుకొనే విషయం ఇక్కడ ప్రస్తావించదగినదే.

గంజాం తీరాన తెలుగు మాట్లాడే మత్స్యకారులు తరతరాలుగా జీవిస్తున్నారు. ఒడియావారు వారిని నోలియాలని పిలుస్తారు. పడవ, వల సమకూర్చుకోలేని తీరవాసులకు ఒడ్డే పొలం. ఆటు వేళ నీరు వెనుకకు తీయగానే గుల్లలు ఏరడం, గాలానికి ఎరగా పురుగులు త్రవ్వడం పెట్టుబడి లేని పనులు. ఆ బుట్టలో ఉన్నది ఒక పేద ఇంటి పూటకూడు. ఈ సంగతి మరచి పర్యావరణం గురించి మాట్లాడటం న్యాయం కాదు.

అయితే ఆ బురద నిర్జీవమైనది కాదు. గుల్లపురుగు నీటిని వడగట్టి, అందులోని సూక్ష్మజీవులను ఆహారంగా గ్రహించి, నీటిని తేటపరుస్తుంది. ఖాళీ చిప్పల మీద ఆల్చిప్పల పిల్లలు అంటుకొని పెరుగుతాయి. పురుగుల కోసం బురదను తిరగవేస్తే అడుగునున్న ప్రాణవాయువు లేని మట్టి పైకి వచ్చి, పసిగుల్లలు పూడిపోతాయి. వాటినే నమ్ముకొన్న వలస పక్షులకు మేత కరవవుతుంది. ఒక బుట్టతో నష్టం లేదు. పిల్లా పెద్దా తేడా లేకుండా, ఏడాది పొడవునా, వందల బుట్టలు నిండినప్పుడే నష్టం మొదలవుతుంది.

రొయ్యపిల్లల సేకరణ ఇందుకు మరొక నిదర్శనం. రొయ్యల చెరువులు పెరిగిన 1990 దశకంలో తూర్పు తీరమంతటా స్త్రీలు, పిల్లలు సైతం సన్నకన్ను వలలతో రొయ్యపిల్లలను పట్టారు. కావలసినవి ఏరుకొని, వాటితో పడిన చేపపిల్లలను, పీతపిల్లలను ఇసుకపై పారవేశారు. రేపటి వేట ఆ ఇసుకలోనే ఎండిపోయింది. పట్టినవారికి దక్కినది కూలి మాత్రమే. లాభం చెరువుల యజమానులది.

కాకినాడ అఖాతంలోని బుడితగుల్లలను సున్నపు బట్టీలకు కూడా తరలించేవారు. నూరు కిలోల శుద్ధ కాల్షియం కార్బొనేట్‌ను కాల్చితే మిగిలే సున్నం 56 కిలోలే. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తాయి. ఈ లెక్కను పదవ తరగతి విద్యార్థి కూడా వేయగలడు.

మరి మార్గమేమిటి? కేరళలోని అష్టముడి సరస్సు ఒక పాఠం చెబుతున్నది. 1990 దశకం తొలినాళ్లలో అక్కడ గుల్లల రాబడి తగ్గిపోయింది. అప్పుడు సేకరణను పూర్తిగా నిషేధించలేదు. గుల్లలు గ్రుడ్లు పెట్టే డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు విరామం పాటించారు. వలకన్ను 30 మిల్లీమీటర్లకు తగ్గరాదన్నారు. చిన్నగుల్లల ఎగుమతిని ఆపారు. జాలరులు, ప్రభుత్వ శాఖలు, శాస్త్రజ్ఞులు కలిసి నిర్వహించిన ఆ గుల్లల వేటకు 2014లో మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువీకరణ లభించింది. భారతదేశంలో అటువంటి గుర్తింపు అదే మొదటిది.

కథ అంతటితో ముగియలేదు. 2019 నాటికి అమెరికా ఖండపు తీరాలకు చెందిన ఒక జాతి ఆల్చిప్ప అదే సరస్సులో విపరీతంగా వ్యాపించి, స్థానిక జాతులకు చోటు లేకుండా చేయసాగింది. ఏరేవారు నియమం పాటించినా, నీటిని కాపాడవలసిన తక్కినవారు ఏమరితే ఫలితం నిలువదని దీనివలన తెలుస్తున్నది.

చిలికా సరస్సు కూడా ఇదే చెబుతుంది. దాని దక్షిణపు ఒడ్డున గల రంభ గంజాం జిల్లాలోనిదే. పూడిక మొదలైన మార్పుల వలన 1993లో చిలికా అంతర్జాతీయంగా ప్రమాదపు జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. 2002లో ఆ జాబితా నుండి పేరు తొలగింది. నీటి బాగోగులే జీవుల బాగోగులు.

తూర్పు తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేటకు విరామం ఉన్నది. ఒడ్డున గుల్లలకు కూడా విశ్రాంతి కాలం అవసరం. పసిగుల్లను తిరిగి బురదలోనే విడవాలి. ఒక మేటను త్రవ్విన తరువాత కోలుకొనేదాకా వదలాలి. త్రవ్విన గుంటను పూడ్చాలి. ఈ నియమాలను ఏరే స్త్రీలతో సంప్రదించి నిర్ణయించాలి. విరామ కాలంలో వారి ఇంట పొయ్యి వెలిగే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. బుట్ట పట్టిన చేతిని మాత్రమే శిక్షించే చట్టం నిలువదు.

తీరానికి దూరంగా ఉన్నవారికీ బాధ్యత కలదు. పొలానికి వేసే పురుగుమందు, వాగులో పడే ప్లాస్టిక్ సంచి నదీముఖం చేరక మానవు. ఈ పాఠశాల పిల్లలు ఘోడాహడలో చెత్త వేయకపోతే, ఎన్నడూ చూడని ఒక తీరపు తల్లి బుట్టకు మేలు చేసినవారవుతారు. ప్లాటినం ఉత్సవ వేళ చిన్నారులకు అప్పగించదగిన బాధ్యత ఇంతకన్న మరొకటి లేదు.

అందరికీ శుభం కలుగుగాక!