దూరపు కొండలకు నడిచి వెళ్ళేవారికి



దూరపు కొండలు నునుపు అన్నారు మన పెద్దలు. దూరాన్నుంచి చూస్తే నీలంగా, నున్నగా కనిపించే కొండ దగ్గరికి వెళ్ళేసరికి రాళ్ళూ, ముళ్ళూ, లోయలూ బయటపడతాయి. ఈ సామెతను మనం ఎగతాళికే ఎక్కువగా వాడుతాం. కాని అందులో ఒక హెచ్చరిక ఉంది. ఈనాటి ప్రసంగం ఆ హెచ్చరిక గురించే.

బళ్ళారి, కోలారు, హొసూరు, బరంపురం, రాయగడ, షోలాపూరు, యానాం, ఇలా మన ప్రాంతాల పిల్లలు చదువులకో, ఉద్యోగాలకో పెద్ద నగరాలు చేరుతున్నారు. అక్కడి స్నేహితులతో కలిసి హిమాలయాల్లో పది పన్నెండు రోజుల కాలినడక ప్రయాణాలకు బయలుదేరుతున్నారు. వీపున సంచీ, చేతిలో కర్ర, ముందు ఒక గైడు. దీన్నే ట్రెక్కింగు అంటున్నారు. ఇంట్లో అమ్మానాన్నలకు ఆ ప్రయాణం ఎలాంటిదో తెలియదు. వద్దంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు, సరేనంటే రాత్రిళ్ళు నిద్రపట్టదు. కనుక ఈ నాలుగు మాటలూ వెళ్ళేవారికీ, పంపేవారికీ కూడా.

నడిచి యాత్ర చేయడం మనకు కొత్త కాదు. ఉగాదికి కర్ణాటక నుంచి వేలాదిమంది భక్తులు నల్లమల అడవి గుండా శ్రీశైలానికి నడిచి వస్తారు. ఆషాఢంలో షోలాపూరు వైపువారు దిండీలతో పండరీపురం నడుస్తారు. అయితే ఆ దారుల్లో మజిలీ మజిలీకీ నీళ్ళిచ్చేవారుంటారు, అన్నం పెట్టేవారుంటారు. కాలు బెణికితే ఎక్కించుకుపోవడానికి బండి ఉంటుంది. మనం చెప్పుకునే నడకలో అవేవీ లేవు. నాలుగైదు రోజులపాటు ఊరు కనిపించదు, ఫోను పలకదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఒక దారిని ఉదాహరణగా తీసుకుందాం. హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లాలో పార్వతీ నది లోయ ఉంది. వేడినీటి గుండాలకు పేరుపొందిన మణికరణ్ ఆ లోయలోదే. మణికరణ్ దాటి బర్షైణీ దగ్గర నడక మొదలవుతుంది. మొదటిరోజు మజిలీ ఖీర్‌గంగా. అక్కడా వేడినీటి ఊట ఉంది. ఆ పైన దేవదారు అడవులు, తరవాత భూర్జ వృక్షాలు. మన పూర్వులు తాటాకులమీద రాసుకుంటే ఉత్తరాదివారు ఈ చెట్టు బెరడు మీద రాసుకున్నారు. ఇంకా పైకి వెళ్తే చెట్లు ఆగిపోయి పచ్చిక బయళ్ళు వస్తాయి. గద్దీలనే గొర్రెల కాపరులు వేసవిలో మందలు తోలుకొని అక్కడికి వస్తారు. మన గొల్ల, కురుబ సోదరులకు గొంగడి ఎలాగో వారికి ఉన్నికోటు అలాగ. నది మీద ఒకచోట కొండంత బండలే వంతెనగా పడి ఉంటాయి. దాన్ని పాండవులు వేశారని అక్కడివారు చెప్పుకుంటారు.

పార్వతీ నది పుట్టే మాన్‌తలాయి సరస్సు సుమారు 4,100 మీటర్ల ఎత్తున ఉంది. అది దాటాక మట్టి కనిపించదు. రాళ్ళగుట్టలు, ఆపైన హిమానీనదం. దానిమీదుగా నడిచి 5,319 మీటర్ల ఎత్తున ఉన్న పిన్ పార్వతీ కనుమ దాటాలి. అంటే సుమారు 17,450 అడుగులు. కనుమకు ఇవతల వానలతో తడిసే పచ్చని లోయ, అవతల చెట్టన్నది లేని స్పితి చలి ఎడారి. పిన్ లోయలోని మూద్ గ్రామం చేరితే నడక ముగిసినట్టు. దాదాపు 100 కిలోమీటర్ల దూరం, పది పదకొండు రోజుల పని. జులై నుంచి సెప్టెంబరు దాకానే ఈ దారికి వీలు.

ఇలాంటి దారికి గైడు ఎందుకు? కాలిబాట ఉంటుంది కదా, చూసుకుంటూ పోతాం అనుకోవచ్చు. కాని హిమానీనదం కదిలే మంచు. దానిలో లోతైన పగుళ్ళు పడతాయి, వాటిమీద కొత్త మంచు పల్చటి కప్పులా పేరుకుంటుంది. నిరుడు నడిచిన దారి ఈ ఏడు ఉండకపోవచ్చు. అందుకే అక్కడ అందరినీ ఒకే తాటికి కట్టి, ముందుమనిషి కర్రతో పొడిచి చూస్తూ నడిపిస్తాడు. వాగుల సంగతీ అంతే. తెల్లవారుజామున మోకాలి లోతు ఉన్న వాగు, ఎండకు పైన మంచు కరిగి మధ్యాహ్నానికి నడుము దాటుతుంది. అందుకే వాగు దాటాల్సినరోజు గైడు చీకటితోనే లేపుతాడు. విసుక్కోకండి.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయం, గాలి. పైకి పోయినకొద్దీ వాతావరణ పీడనం తగ్గుతుంది, ప్రతి శ్వాసలోనూ మనకందే ప్రాణవాయువు తగ్గుతుంది. 5,500 మీటర్ల దగ్గర సముద్రమట్టంలో అందేదానిలో సగమే అందుతుంది. నీళ్ళు కూడా 4,000 మీటర్ల ఎత్తున సుమారు 86 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, కుక్కరు ఉండాల్సిందే. పప్పు సంగతే అలా ఉంటే మన ఒంటి సంగతి ఆలోచించండి. శరీరం ఆ గాలికి అలవాటు పడుతుంది, కాని దానికి రోజులు పడతాయి. కండబలం ఉన్నంత మాత్రాన ఆ అలవాటు త్వరగా రాదు. రోజూ వ్యాయామం చేసే పాతికేళ్ళ యువకుడు పడిపోవచ్చు, యాభై ఏళ్ళ ఆవిడ నిదానంగా దాటిపోవచ్చు.

కొండజబ్బు తలనొప్పితో మొదలవుతుంది. ఆకలి పోతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, కళ్ళు తిరుగుతాయి, నిద్ర పట్టదు. ఈ దశలో పైకి పోకుండా అక్కడే ఆగి విశ్రాంతి తీసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. తగ్గకపోతే దిగిపోవాలి. ఆగకుండా ఎక్కితే రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కదలకుండా కూర్చున్నా ఆయాసం, దగ్గు, దగ్గులో గులాబిరంగు నురగ. రెండోది మెదడు వాచడం. తాగినవాడిలా తూలడం, మాట తడబడటం, అడిగినదానికి పొంతనలేని జవాబు చెప్పడం. అనుమానం వస్తే, ఒక కాలి మడమకు రెండో కాలి బొటనవేలు ఆనించుకుంటూ తిన్నగా నడవమనండి. నడవలేకపోతే, అర్ధరాత్రి అయినా సరే, తోడిచ్చి కిందికి దింపాలి. దింపడమే అసలైన వైద్యం. మాత్రలూ, ప్రాణవాయువు సిలిండరూ అందుకు సాయపడేవే.

రాకుండా చూసుకునే ఉపాయం కూడా ఉంది. 3,000 మీటర్లు దాటాక, నిన్న రాత్రి పడుకున్నచోటికీ ఈ రాత్రి పడుకునేచోటికీ 500 మీటర్లకు మించి ఎత్తు పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒకరోజు ఆగాలి. మీరు వెళ్ళబోయే ప్రయాణ పట్టికలో ఈ లెక్క కుదిరిందో లేదో కాగితంమీద వేసి చూసుకోండి. ఎనిమిది రోజుల దారిని అయిదు రోజుల్లో చేయిస్తామంటే అది చవక బేరం కాదు.

మన ప్రాంతాలవారికి ప్రత్యేకంగా ఒక మాట. ఒడిశా, విదర్భ ప్రాంతాల్లో కొడవలి కణ వ్యాధి, అంటే సికిల్ సెల్, చాలా కుటుంబాల్లో ఉంది. ఆ వ్యాధి ఉన్నవారికి ఈ ఎత్తులు తగవు. వ్యాధి లేకుండా ఆ లక్షణం మాత్రమే మోసేవారికి మామూలు రోజుల్లో ఏ బాధా తెలియకపోవచ్చు. అయినా ప్రాణవాయువు తక్కువైనచోట ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. బయలుదేరేముందే రక్తపరీక్ష చేయించుకోండి. గుండెజబ్బు, రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారు కూడా వైద్యుడి మాట విన్న తరవాతే డబ్బు కట్టాలి.

గైడును ఎంచుకునేటప్పుడు ఏమడగాలి? మొదటిది, మాతో వచ్చే మనిషి ఎవరు, ఎక్కడ శిక్షణ పొందాడు? డార్జిలింగ్‌లో 1954లో ఏర్పడిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలో 1965లో ఏర్పడిన నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు పర్వతారోహణలో శిక్షణ ఇస్తున్నాయి. రెండోది, ఈ దారిలో అతను ఇదివరకు ఎన్నిసార్లు నడిచాడు? మూడోది, ఎందరికి ఒక గైడు? ఒకరికి జబ్బుచేసి దింపాల్సి వస్తే మిగిలినవారితో ఎవరుంటారు? నాలుగోది, తాళ్ళు, ప్రాణవాయువు, వేలికి తొడిగి చూసే ఆక్సీమీటరు ఉన్నాయా? అయిదోది, వాతావరణం చెడితే ఆగడానికి అదనపు రోజులు ఉన్నాయా, తిండి ఉందా? ఆరోది, అటవీశాఖ, పోలీసు అనుమతులు తీసుకున్నారా? వీటికి తిన్నగా జవాబు చెప్పనివారితో వెళ్ళకండి.

సాధన ఇంటిదగ్గరే మొదలుపెట్టవచ్చు. మూడు నెలలు చాలు. బళ్ళారివారికి కోటగుట్ట ఉంది. కోరాపుట్ వైపువారికి 1,672 మీటర్ల దేవమాలి, గజపతి జిల్లావారికి మహేంద్రగిరి ఉన్నాయి. కర్ణాటకలో అటవీశాఖ అనుమతితో 1,712 మీటర్ల కుమారపర్వతం ఎక్కవచ్చు. యానాంవారికి కొండ లేదు, గోదావరి గట్టుంది. వీపున పది కిలోల బియ్యం మూట పెట్టుకొని రోజూ గంటసేపు గట్టుమీద నడవండి, మేడమెట్లు ఎక్కి దిగండి. కొత్త బూట్లు ఇక్కడే తొడిగి అరగదీయండి. నూలుబట్టలు తడిస్తే ఆరవు, వేడి నిలపవు. ఒకే మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా వేసుకునే ఉన్ని, సింథటిక్ బట్టలు మేలు. సంచీలోపల పెద్ద ప్లాస్టిక్ కవరు వేసి అందులో బట్టలు సర్దండి. సంచీ బరువు మీ బరువులో అయిదోవంతు దాటనివ్వకండి.

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కింది. నిజామాబాద్ జిల్లాలో ఒక గిరిజన కుటుంబంలో పుట్టి, గురుకుల పాఠశాలలో చదువుకుంటున్న ఆ అమ్మాయికి అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆమె వెంట ఖమ్మం ప్రాంతపు ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడు. అందరూ ఆ ఒక్కరోజునే గుర్తుపెట్టుకుంటారు. దానికి ముందు భువనగిరి బండమీదా, డార్జిలింగ్‌లోనూ, లడఖ్ చలిలోనూ నెలల తరబడి వారు చేసిన సాధన కూడా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో 22 మంది బృందం మంచుతుపానులో చిక్కుకుంది. తొమ్మిదిమంది చనిపోయారు. వారంతా కర్ణాటక నుంచి వెళ్ళినవారే. తప్పొప్పులు ఎంచడానికి ఈ మాట ఎత్తలేదు. ఎత్తైనచోట చలిగాలి ఎంత త్వరగా మనిషిని లొంగదీస్తుందో తెలియడానికి చెబుతున్నాను. బట్టలు తడిసి, గాలి వీస్తుంటే నీరు గడ్డకట్టనంత చలిలో కూడా ఒంటివేడి పడిపోతుంది. మొదట వణుకు, తరవాత మగత, కాసేపు కూర్చుందామనే కోరిక. కూర్చోనివ్వకూడదు. తడిబట్టలు మార్చి, గాలి తగలనిచోటికి చేర్చి, వేడిగా ఏదైనా తాగించాలి.

ఇక్కడే గైడు మాటకు విలువ. మనం అతనికి డబ్బిచ్చేది శిఖరం చూపించడానికని అనుకుంటాం. నిజానికి ఇచ్చేది, వెనక్కి తిరగాల్సిన వేళ తెలిసిన మనిషి తోడుండాలని. మబ్బు చూసి అతను తిరుగుదామంటే, ఇంత డబ్బు కట్టాం, సెలవు మళ్ళీ దొరకదు అని బలవంతపెట్టకండి. బతికుంటే బలుసాకు తినవచ్చు. కనుమ వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది. తిరుగు రైలు టిక్కెట్టు రెండురోజులు వెనక్కి పెట్టి కొనుక్కోండి. రైలు తప్పిపోతుందన్న తొందరే చాలాసార్లు మనుషుల్ని చెడు వాతావరణంలోకి నడిపిస్తుంది.

తలనొప్పి దాచుకోకండి. తనను కిందికి పంపేస్తారన్న భయంతో కుర్రవాళ్ళు దాస్తారు. దాచినందువల్ల అందరికీ ముప్పే. సరిహద్దు జిల్లాలవాళ్ళం, రెండు మూడు భాషలు మనకు ఉగ్గుపాలతోనే వచ్చాయి. హిందీ రానివారు తలనొప్పి, వాంతి, ఆయాసం, చలి, ఈ నాలుగు మాటలూ హిందీలో నేర్చుకుని వెళ్ళండి. గైడుకు అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం ప్రమాదం తప్పినట్టే.

మీ గుడారం, మీ బియ్యం మోసే పోర్టర్ల సంగతీ మరవకండి. కనుమ దగ్గర కంచరగాడిదలు పోలేవు, మనుషులే మోయాలి. వారికి సరైన బూట్లు, వెచ్చని బట్టలు, పడుకోవడానికి చోటు, బీమా ఉన్నాయా అని అడగండి. చలి వారికీ చలే.

చివరగా ఇంటివద్ద ఉండే పెద్దలకు. పిల్లల దగ్గర రోజువారీ మజిలీల కాగితం, గైడు పేరు, అక్కడి జిల్లా పేరు రాయించి ఉంచుకోండి. మధ్యలో ఫోను రాకపోతే కంగారుపడకండి, రాదనే అనుకోండి. తిరిగిరావాల్సిన తేదీ, దానిపైన రెండురోజులు, ఆ గడువు దాటితే ఎవరికి చెప్పాలో ముందే మాట్లాడుకోండి. అత్యవసరమైతే 112 నంబరు దేశమంతటా పనిచేస్తుంది. వద్దని కట్టిపడేయడం కంటే, ఈ ప్రశ్నలన్నీ వారితో కూర్చుని అడగడం మేలు. జవాబులు సరిగా ఉంటే దీవించి పంపండి. లేకపోతే, వచ్చే ఏడు వెళ్ళమని చెప్పండి.