బోర్డు మీది పేరు, రికార్డులోని పేరు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊరి శాఖా గ్రంథాలయానికి కట్టిన కొత్త భవనానికి, సరిహద్దులో ప్రాణమిచ్చిన మన ఊరి జవాను పేరు పెట్టమని కోరుతూ ఈ రోజు మనం తీర్మానం చేయబోతున్నాం. ఆ అబ్బాయి గుణగణాల గురించి, చేసిన త్యాగం గురించి ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా చెప్పారు. వారి తండ్రిగారు అటెండరుగా పనిచేసి రిటైరైనవారు, మన సంఘ సభ్యులు. ఇప్పుడు మన మధ్యనే కూర్చుని ఉన్నారు. అందుచేత ఇది చప్పట్లు కొట్టి, టీ తాగి, ఇంటికి వెళ్ళి మరిచిపోయే తీర్మానం కాకూడదు. నేను వక్తను కాను. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు రాసిన గుమాస్తాను. అధ్యక్షులవారు నన్ను మాట్లాడమన్నది కూడా అందుకేనని అనుకుంటాను. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

దేశంలో ఇలాంటి పనులు ఎలా జరిగాయో ముందు చూద్దాం.

1999 కార్గిల్ యుద్ధంలో, జూలై 3న ఖాలుబార్ దగ్గర నేలకొరిగిన కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే లక్నోలోని ఉత్తరప్రదేశ్ సైనిక పాఠశాలలో చదువుకున్నారు. 1960లో మొదలైన ఆ బడి దేశంలోనే మొట్టమొదటి సైనిక పాఠశాల. ఇప్పుడు ఆ బడి ఆయన పేరు మీదే నడుస్తోంది. అదే యుద్ధంలో జూలై 7న ప్రాణాలర్పించిన కెప్టెన్ విక్రమ్ బత్రాది హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్. అక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఇద్దరికీ పరమవీరచక్ర మరణానంతరం లభించింది. చదువుకునే చోటుకు పేరు పెట్టడంలో ఒక సుగుణం ఉంది. దరఖాస్తులో ప్రతి ఏటా కొత్తగా చేరే పిల్లవాడు తన చేత్తో ఆ పేరు రాయాలి. "ఎవరీయన?" అని ఒక్కసారైనా అడుగుతాడు.

1971 యుద్ధంలో గంగాసాగర్ దగ్గర వీరమరణం పొందిన లాన్స్ నాయక్ అల్బర్ట్ ఎక్కా సంగతి చూడండి. ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లాకు చెందిన గిరిజన యువకుడు. రాంచీ నడిబొడ్డున ఫిరాయాలాల్ చౌక్ అనే కూడలికి ఆయన పేరు పెట్టారు. అంతటితో ఆగలేదు. ఆయన సొంత ప్రాంతం జారిని బ్లాకు చేసి, ఆ బ్లాకుకే అల్బర్ట్ ఎక్కా పేరు చేర్చారు. బ్లాకు అంటే మన మండలం లాంటిది. మండలం పేరు ఎక్కడెక్కడ రాస్తామో మీకు నేను చెప్పాలా? పహాణీ మీద, కులధృవీకరణ పత్రం మీద, రేషను కార్డు మీద రాస్తాం. ఒక సైనికుడి పేరు రైతు భూమి కాగితంలోకి వచ్చిందంటే అంతకు మించిన రాతి విగ్రహం లేదు.

1980లలో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారు పదిహేను చమురు నౌకలకు పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. చాలా గొప్ప ఆలోచన. కానీ నౌకకూ సర్వీసు ఉంటుంది. వయసు మీరాక అవీ మనలాగే రిటైరయ్యాయి. మనకు పెన్షను వచ్చింది, వాటికి ఆ భాగ్యం లేదు. తర్వాత 2023 జనవరి 23న అండమాన్‌లో అప్పటి వరకూ పేరులేని 21 దీవులకు 21 మంది పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. దీవికి తుప్పు పట్టదు.

మన తెలుగు నేలకు వస్తే, 2020 జూన్ 15న గాల్వన్ లోయలో మరో 19 మంది సైనికులతో పాటు అమరుడైన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేటవారు. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకున్నారు. మరణానంతరం ఆయనకు మహావీరచక్ర లభించింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో ఆయన కాంస్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.

మన పిల్లలు చాలామంది ఉంటున్న అమెరికాలో మరో పద్ధతి ఉంది. అక్కడ ఇరాక్‌లోనూ ఆఫ్ఘనిస్థాన్‌లోనూ చనిపోయిన సైనికుల పేర్లు వారి సొంత ఊళ్ళలోని పోస్టాఫీసులకు పెడతారు. ఒక్క పోస్టాఫీసుకు పేరు పెట్టాలన్నా వారి పార్లమెంటు ఉభయసభలూ చట్టం చేయాలి, అధ్యక్షుడు సంతకం చేయాలి. అయితే ఉత్తరం మీద రాసే చిరునామా మాత్రం మారదు. లోపల గోడకు ఒక ఫలకం బిగిస్తారు. ఊరికి తెలిసిన పేరును కదపకుండా, కౌంటరు దగ్గర నిలబడినవాడి కంటికి ఆ సైనికుడి పేరు కనబడేలా చేశారన్నమాట.

ఇక మన దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. నేను సర్వీసులో ఉండగా ఒక వృద్ధ దంపతులు మా సెక్షనుకు వచ్చారు. ఊరు పేరు చెప్పను. వాళ్ళ అబ్బాయి సైన్యంలో చనిపోతే అక్కడి బడికి అతని పేరు పెట్టారు. సభ జరిగింది, పెద్దలు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, ఫొటోలు తీశారు. కొన్నేళ్ళకు బడికి సున్నం వేసినప్పుడు గోడ మీది పేరు పోయింది. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరుగారు రికార్డులో ఉన్న పాత పేరే రాయించారు. ఆయన తప్పేమీ లేదు. ఎందుకంటే పేరు పెట్టారు గానీ ఉత్తర్వు ఇవ్వలేదు. మేము మూడు బీరువాలు వెతికాం. ఒక్క కాగితం దొరకలేదు. ఆ తల్లి చేతిలో ఉన్న ఫొటో ఒక్కటే ఆధారం. ఆఫీసులో ఫొటో చెల్లదు గదా. ఆమె అడిగిన మాట నాకిప్పటికీ గుర్తుంది. "బాబూ, మావాడి పేరు ఎవరు తీసేశారు?" అని అడిగింది. తీసినవారెవరూ లేరు. ఎక్కించినవారే లేరు.

మిత్రులారా, ఇందుకే నేను చెప్పదలచింది ఒక్కటే మాట. పేరు పెట్టేది సభ, నిలబెట్టేది రికార్డు. ఆ రికార్డు పని మనకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఇంకెవరికి తెలుసు?

నోట్ ఫైలులో మొదటి పేరా ఎప్పుడూ ఒకటే. భవనం ఎవరిది, ఆమోదించే అధికారం ఎవరికుంది? మన శాఖా గ్రంథాలయం 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఏర్పడిన జిల్లా గ్రంథాలయ సంస్థది. ఇంటి పన్నుతో పాటు మనమందరం కట్టే గ్రంథాలయ పన్నుతో నడిచేది. కనుక మన తీర్మానం వినతిపత్రం మాత్రమే. జిల్లా సంస్థ తీర్మానం, దాని మీద పైవారి ఉత్తర్వు వచ్చినప్పుడే అది పేరు.

రెండోది, కుటుంబం వారి లిఖితపూర్వక సమ్మతి. తల్లిదండ్రులు, భార్య, అందరి సంతకాలూ ఉండాలి. వారి మనసు తెలుసుకోకుండా వారి బిడ్డ పేరును మనం ఊరేగించకూడదు.

మూడోది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి నంబరు, హోదా, యూనిట్, అమరుడైన తేదీ, స్థలం రాయించి తెచ్చుకోవాలి. ఇంటిపేరు, ఇనీషియలు, అక్షరాలు సర్వీసు రికార్డుతో సరిపోవాలి. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే పెన్షను ఎన్ని నెలలు ఆగుతుందో మనకు తెలుసు. శిలాఫలకం మీద తప్పు పడితే ఎన్నాళ్ళున్నా అది తప్పే.

నాలుగోది, ఉత్తర్వు వచ్చాక దాన్ని అమలు చేయించడం. ఆస్తుల రిజిస్టరులో, లెటరు ప్యాడ్ మీద, రబ్బరు స్టాంపులో, పుస్తకాల మీద వేసే ముద్రలో, కరెంటు బిల్లులో ఆ పేరు ఎక్కాలి. స్టాంపు మారనంత వరకు పేరు మారనట్టే.

ఇక జనం నోటి సంగతి. విజయవాడలో మహాత్మాగాంధీ రోడ్డును జనం ఇప్పటికీ బందరు రోడ్డనే అంటారు. దేశంలో మరెన్నో చోట్ల గాంధీగారంతటివారే రెండు ఇంగ్లీషు అక్షరాలైపోయి ఎం.జి. రోడ్డుగా మిగిలారు. మనవాడికి ఆ గతి పట్టకుండా ఉండాలంటే హోదాలు, బిరుదులు బారుగా పేర్చకూడదు. అమ్మ పిలిచిన పేరు, దాని పక్కన గ్రంథాలయం అనే మాట చాలు. గుమ్మం దగ్గర ఫలకం మీద మాత్రం ఆయన ఎవరో, ఎక్కడ, ఎప్పుడు, ఏ విధిలో ప్రాణమిచ్చాడో పది వాక్యాలకు మించకుండా తెలుగులో ఉండాలి.

ఒకరిద్దరు మిత్రులు నాతో కొన్ని సందేహాలు వెలిబుచ్చారు. పతకం రాలేదు గదా అన్నారు ఒకరు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా పేర్లు గ్రానైటు ఫలకాల మీద చెక్కారు. అక్కడ పతకం వచ్చినవారికి ఒక గోడ, రానివారికి ఒక గోడ అని విడదీయలేదు. దేశం తన గోడ మీద రాసుకున్న పేరును ఊరు తన గుమ్మం మీద రాసుకోవడానికి ఇంకో అర్హత కావాలా?

పేరు కంటే ఆ కుటుంబానికి డబ్బు సాయం మేలు గదా అన్నారు మరొకరు. మంచి మాటే. కానీ అది వేరే పద్దు. మామూలు కుటుంబ పెన్షను ఆఖరి జీతంలో 30 శాతం కాగా, శత్రువుతో పోరులో మరణించిన సైనికుని కుటుంబానికి ఆఖరి జీతంతో సమానమైన లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షను ఇవ్వాలన్న నిబంధన ఉంది. అది వారి హక్కు. అందులో ఎక్కడైనా జాప్యం జరిగితే కాగితాలు రాసిపెట్టడానికి మనమున్నాం. పేరు మాత్రం హక్కు కింద రాదు. దరఖాస్తు పెట్టుకోవలసిన పని వారికి ఉండకూడదు. అది ఊరు తనంతట తాను చేయవలసిన పని.

మరొక్క మాట చెప్పి ముగిస్తాను. పేరు పెట్టిన భవనం శుభ్రంగా నడవాలి. తాళం వేసి ఉన్న గ్రంథాలయం మీద, కురుస్తున్న కప్పు మీద, విరిగిన కుర్చీల మీద ఒక అమరుడి పేరు ఉంటే అది గౌరవం అనిపించుకోదు. అందుచేత తీర్మానంతో పాటు, మనలో ఓపిక ఉన్నవారు వారానికి ఒకరు చొప్పున సాయంత్రం పూట అక్కడ రెండు గంటలు కూర్చునేలా ఒక జాబితా తయారు చేద్దామని ప్రతిపాదిస్తున్నాను. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు వస్తారు. వారిలో సైన్యంలో చేరదలచినవారూ ఉంటారు. లైటు వెలుగుతూ ఉండాలి, పత్రిక బల్ల మీద ఉండాలి. మొదటి వారానికి నా పేరు రాసుకోండి.

మనం బతికి ఉన్నామని ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి వస్తున్నాం. ఆ అబ్బాయి ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊరి కోసం, దేశం కోసం బతికాడని సంతకం పెట్టవలసినవారం కూడా మనమే. తీర్మానం ప్రతి బల్ల మీద ఉంది. దయచేసి అందరూ చదివి, పేరూ హోదా స్పష్టంగా రాసి, తేదీ వేసి సంతకం చేయండి. దాని మూడు ప్రతులు రేపు పదిన్నరకు నేనే తీసుకెళ్ళి, ఇన్‌వర్డు నంబరు వేయించుకుని వస్తాను.

 సెలవు.

జై హింద్.